బీఫ్ మందకు షార్ట్‌హార్న్ ఆబోతు: ముందు ఏం చూడాలి, చివర ఏం చూడాలి

మాంసం కోసం పెంచే మందలో ఆవు ఏడాదికి ఒక దూడనిస్తుంది. అదే మందలో ఆబోతు ఒక్క సీజన్‌లో పాతిక, ముప్పై దూడలకు తండ్రవుతుంది. పెయ్యదూడల్ని అమ్మకుండా మందలోనే ఉంచుకునే చోట ఈ తేడా ఇంకా పెద్దది. ఏ దూడని తీసుకున్నా దాని జన్యువుల్లో సగం తండ్రివి, పావు వంతు తల్లిని పుట్టించిన ఆబోతువి, ఎనిమిదో వంతు అమ్మమ్మను పుట్టించిన ఆబోతువి. మూడూ కలిపితే 87.5 శాతం. వరసగా కొన్న మూడు ఆబోతులే దాదాపుగా ఆ మందని తయారుచేస్తాయన్నమాట. ఆవు బాగాలేకపోతే అమ్మేస్తే సరిపోతుంది. ఆబోతు బాగాలేదన్న సంగతి తేలేసరికి దాని కూతుళ్ళు మందలో ఈనుతూ ఉంటాయి.

ఈ విషయాన్ని షార్ట్‌హార్న్ జాతి ద్వారా చూడటానికి ఒక మంచి కారణం ఉంది. పశువుల వంశావళిని పుస్తకంగా అచ్చువేసింది మొదట ఈ జాతికే. జార్జ్ కోట్స్ 1822లో తెచ్చిన హెర్డ్ బుక్ అది. ఏ ఆబోతుకు ఏ దూడలు పుట్టాయో రెండు వందల ఏళ్ళుగా రాసిపెట్టి ఉంది కాబట్టి, మనుషులు ఆబోతుల్ని ఏం చూసి ఎంచుకున్నారో, ఆ తర్వాత ఏం జరిగిందో కూడా ఈ జాతిలో వరసగా కనబడుతుంది. ఆ చరిత్ర చదివితే ఒకటి తేలుతుంది. ఈ జాతి దెబ్బతిన్న ప్రతిసారీ జరిగింది ఒకటే: ఏదో ఒక్క గుణం మీద మోజుపడి మిగతావన్నీ గాలికొదిలేశారు. ఒకసారి వంశం, ఒకసారి పొట్టితనం, ఒకసారి ఎత్తు, ఒకసారి బొచ్చు.

మోజులు, వాటి ఫలితాలు

ఇంగ్లండ్ ఈశాన్యాన టీస్ నది లోయలో, డార్లింగ్టన్ దగ్గర, చార్లెస్ కోలింగ్, రాబర్ట్ కోలింగ్ అనే అన్నదమ్ములు 18వ శతాబ్దం చివర్లో ఈ జాతిని తీర్చిదిద్దారు. వాళ్ళ దగ్గర 1804లో పుట్టిన కామెట్ అనే ఆబోతు, 1810లో చార్లెస్ తన మందని వేలం వేసినప్పుడు వెయ్యి గినీలకు (గినీ అంటే అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణెం) పోయింది. అంతకుముందు ఏ ఆబోతూ ఆ ధర పలకలేదు. ఆస్ట్రేలియాలో షార్ట్‌హార్న్ బీఫ్‌కి థౌజండ్ గినీస్ అనే బ్రాండ్ పేరు రావడానికి ఆ వేలమే కారణం. కామెట్ పుట్టుక చూస్తే ఇప్పటి పెంపకందారుకి గుండె గుభేలుమంటుంది. దాని తండ్రి ఫేవరిట్. దాని తల్లి యంగ్ ఫీనిక్స్, అదే ఫేవరిట్‌కి, ఫేవరిట్ సొంత తల్లి ఫీనిక్స్‌కి పుట్టిన పెయ్య. ఇంత దగ్గరి కలయిక మంచి గుణాల్ని ఒకచోట బిగించిన మాట నిజం. కానీ ఆ పద్ధతిని తరాల తరబడి సాగదీస్తే ఏమవుతుందో తర్వాత వచ్చినవాళ్ళు చూశారు.

థామస్ బేట్స్ అదే వేలంలో డచెస్ కుటుంబానికి చెందిన ఆవుని కొన్నాడు. ఆ కుటుంబాన్ని చాలా దగ్గరి సంబంధాల్లోనే పెంచుకుంటూ పోయాడు. ఆయన పోయాక డచెస్ అన్న పేరుకే ధర కట్టడం మొదలైంది. 1873లో అమెరికాలోని న్యూయార్క్ మిల్స్‌లో జరిగిన వేలంలో ఎయిత్ డచెస్ ఆఫ్ జెనీవా అనే ఆవు 40,600 డాలర్లకు పోయింది. అప్పటికే ఆ కుటుంబంలో ఆవులు చూడి నిలవడం కష్టంగా ఉండేది. అయినా కాగితం మీద పేరు చూసి కొన్నారు. చివరికి ఆ కుటుంబమే అంతరించిపోయింది. దాదాపు అదే కాలంలో స్కాట్లండ్‌లో, అబర్డీన్‌షైర్‌లోని సిట్టిటన్‌లో, ఏమస్ క్రూక్‌షాంక్ వేరే దారి పట్టాడు. త్వరగా ఎదిగి, మేతని కండగా మార్చుకునే పశువు ఆయనకు కావాలి. 1859లో సొంత మందలోనే పుట్టిన ఛాంపియన్ ఆఫ్ ఇంగ్లండ్ అనే ఆబోతు మీద ఆయన మందంతా నిలబడింది. మాంసపు షార్ట్‌హార్న్‌కి అసలు పునాది అక్కడే పడింది. పేరు చూసి కొన్నవాళ్ళ మందకి ఏమైందో, పని చూసి ఎంచినవాడి మందకి ఏమైందో పక్కపక్కన పెట్టి చూపించే ఉదాహరణ పశుపోషణ చరిత్రలో ఇంతకంటే స్పష్టమైనది దొరకదు.

20వ శతాబ్దం మధ్యలో ప్రదర్శనల్లో పొట్టిగా, గుండ్రంగా, నేలకి దగ్గరగా ఉన్న పశువులే అందగాళ్ళయ్యాయి. అవి త్వరగా కొవ్వు పట్టేవి, కానీ బరువు చాలేది కాదు. షరొలే, సిమెంటల్, లిమూసిన్ లాంటి ఐరోపా ఖండపు జాతులు వచ్చేసరికి షార్ట్‌హార్న్ వాటిముందు నిలవలేకపోయింది. బ్రిటన్‌లో 1976 నుంచి మెయిన్ ఆంజూ జాతి రక్తాన్ని కలపడానికి అనుమతించాల్సి వచ్చింది. ఆ ఫ్రెంచ్ జాతిలో కూడా 19వ శతాబ్దంలో వెళ్ళిన షార్ట్‌హార్న్ రక్తమే ఉంది కాబట్టి అది దూరపు చుట్టమే. అమెరికాలో మోజు రెండో కొసకి పోయింది. 1980ల నాటికి ఎంత ఎత్తుంటే అంత గొప్ప. ఎత్తైన ఆవులకు మేత ఎక్కువ కావాలి, అది అందకపోతే అవి చూడి నిలవవు. ఈ పాఠం నేర్చుకోవడానికి మళ్ళీ కొన్నేళ్ళు పట్టింది.

అసలు పని చేస్తుందా?

ఆబోతు పని ఆవుల్ని చూడి కట్టించడం. మిగతా గుణాలన్నీ దాని తర్వాతే. ఎంత గొప్ప అంకెలున్నా వీర్యం సరిగా లేకపోతే ఆ ఏడాది దూడలే ఉండవు. అందుకే కొనేముందు పశువైద్యుడు చేసిన సంతాన సామర్థ్య పరీక్ష నివేదిక చూడాలి. అమెరికాలో వాడే ప్రమాణం ప్రకారం వృషణాల చుట్టుకొలత 15 నెలల్లోపు ఆబోతుకు కనీసం 30 సెంటీమీటర్లు, రెండేళ్ళు దాటినదానికి కనీసం 34 సెంటీమీటర్లు ఉండాలి. వీర్యకణాల్లో కనీసం 30 శాతం ముందుకు కదలాలి, కనీసం 70 శాతం సరైన ఆకారంలో ఉండాలి. ఇవి దాటితే పాస్, లేకపోతే ఫెయిల్. పాసైనవాటిలో అద్భుతమైనవీ ఉంటాయి, బొటాబొటీగా గట్టెక్కినవీ ఉంటాయి. అందుకే పాస్ అన్న ముద్రతో ఊరుకోకుండా అసలు అంకెలు అడగడం మంచిది.

చుట్టుకొలత విలువ ఆబోతుతోనే ఆగిపోదు. వృషణాలు పెద్దగా ఉన్న ఆబోతుల కూతుళ్ళు త్వరగా ఎదకొస్తాయి. ఈ గుణం బాగానే వారసత్వంగా దిగుతుంది కూడా. పెయ్యల్ని ఉంచుకునే మందకి ఇది చాలా విలువైన సమాచారం.

పరీక్ష ఎప్పుడు చేశారన్నదీ ముఖ్యమే. వీర్యకణం తయారవడానికి సుమారు 60 రోజులు పడుతుంది. నెల క్రితం ఆబోతుకు జ్వరం వచ్చినా, గడ్డకట్టే చలిలో వృషణాలకు మంచు దెబ్బ తగిలినా, ఆ ప్రభావం తర్వాత వారాల్లో బయటపడుతుంది. ఆరు నెలల కిందటి నివేదిక పట్టుకుని ఈ సీజన్‌కి భరోసా పెట్టుకోకూడదు. ఇంకో మాట: ఈ పరీక్ష కోరికని కొలవదు. వీర్యం బ్రహ్మాండంగా ఉండి ఆవుల వైపు తిరిగి చూడని ఆబోతులు ఉంటాయి. అది మందలోకి వదిలాకే తెలుస్తుంది.

షార్ట్‌హార్న్ ఆబోతుల్ని అమ్మకానికి బాగా మేపి తెస్తారు. ఇక్కడ కళ్ళు తెరిచి చూడాలి. వృషణాలు శరీరం కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం సరిగా తయారవుతుంది. దాణా దట్టించిన ఆబోతుకు వృషణాల పైభాగంలో, అవి వేలాడే మెడ దగ్గర, కొవ్వు పేరుకుంటుంది. సన్నటి మెడ ఉండి కింద రెండు వృషణాలూ విడివిడిగా తెలియాల్సిన చోట మొత్తం ఒకే సంచిలా నిట్టనిలువుగా కనబడితే అది వేడిని బయటికి పోనివ్వదు. పైగా అలాంటి ఆబోతుని పచ్చిక మీదకి వదిలితే నెల తిరక్కుండానే బరువంతా కరిగిపోతుంది. అమ్మకం రోజున కాస్త పలచగా కనబడిన ఆబోతుని కొన్నవాళ్ళకి సీజన్‌లో టెన్షన్ తక్కువ.

నడక దగ్గర ఆగి చూడాలి

బొమ్మలా నిలబెట్టిన పశువుని చూసి తీర్పు చెప్పడం కష్టం. తల ఎత్తించి, కాళ్ళు సర్ది, అనుకూలమైన కోణంలో నిలబెడతారు. నడిపించమని అడగాలి. మెత్తటి గడ్డి మీద కాకుండా గట్టి నేల మీద, దూరం నుంచి, పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూడాలి.

పక్క నుంచి చూసినప్పుడు వెనక కాలు ముందుకాలు వదిలిన అడుగులోనో దానికి చాలా దగ్గరగానో పడాలి. తడి నేల మీదయితే ఇది అచ్చుల్లో చదువుకోవచ్చు. వెనక అడుగు ఒక జానెడు వెనకే పడుతుంటే ఎక్కడో కీలు బిగుసుకుపోయింది. చాలాసార్లు కారణం జబ్బ దగ్గర ఉంటుంది: జబ్బ ఎముక నిట్టనిలువుగా ఉంటే ముందుకాలు దూరం సాగదు. ఆ సాగని అడుగుకి సర్దుకోవడానికి వెనక కాళ్ళు కూడా పొట్టి అడుగులు వేస్తాయి. లోపం ముందు ఉంటే లక్షణం వెనక కనబడుతుంది.

వెనక కాలి మడమ కీలు అన్నిటికంటే ముఖ్యం. ఆవు మీదకి ఎక్కినప్పుడు ఆబోతు బరువంతా దాని మీదే పడుతుంది. ఆ కీలు మరీ తిన్నగా, కర్ర పాతినట్టు ఉంటే అదురు తీసుకునే వంపు లేక మోకాలి కీలు దెబ్బతింటుంది. అలాంటి ఆబోతు మొదటి సీజన్ గడిపేయొచ్చు, మూడోది చూడటం అరుదు. మరీ వంగిపోయి కొడవలి ఆకారంలో ఉన్నా ఇబ్బందే, కాకపోతే మరీ తిన్నగా ఉండటంలో ఉన్నంత ప్రమాదం ఇందులో లేదు. కీలు పక్కన నీరు చేరి ఉబ్బుంటే వయసు ఎంతని అడగాలి. ఏడాదిన్నర ఆబోతుకే అలా ఉంటే ఆ బేరం వదులుకోవడమే నయం. వెనక నుంచి చూసినప్పుడు రెండు మడమలూ లోపలికి ఒరుసుకుంటున్నాయా, పాదాలు బయటికి తిరిగాయా అన్నది తెలుస్తుంది. కొద్దిగా ఉంటే సర్దుకోవచ్చు.

ఇక గిట్టలు. లోపలి గిట్ట, బయటి గిట్ట ఒకే పరిమాణంలో ఉండి, రెండూ ముందుకే చూడాలి. ఒకటి పెరిగి రెండోదాని మీదకి కత్తెరలా అడ్డం పడుతుంటే ఆ గుణం దూడలకీ దిగుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. అమ్మకానికి ముందు గిట్టలు చెక్కుతారు. చెక్కిన మరుసటి వారం ఏ గిట్టయినా అందంగానే ఉంటుంది. కాబట్టి చివరిసారి ఎప్పుడు చెక్కారని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. గిట్ట గోడ మీద అడ్డంగా చారలు, గట్లు లేచి ఉంటే దాణా ఎక్కువై కడుపులో ఆమ్లం పెరిగి, దాని దెబ్బ గిట్టలకి తగిలిందని అనుమానించాలి. అది వారసత్వం కాదు, మేపినవాళ్ళ పొరపాటు. అయినా కుంటేది కొన్నవాడి ఆబోతే.

షార్ట్‌హార్న్‌కి బొచ్చు దట్టం. చలిదేశాల్లో ఆ బొచ్చు వరమే. కానీ ప్రదర్శనకి తయారుచేసేవాళ్ళు దాన్ని గాలితో లేపి, దువ్వి, జిగురు పెట్టి నిలబెట్టి, కత్తిరించి, సన్నటి కాలుని లావుగా, వంగిన నడుముని తిన్నగా చూపించగలరు. అందులో గొప్ప నైపుణ్యం ఉంది, కాదనలేం. కొనేవాడు మాత్రం ఆ ఆబోతుని ఉత్తిగా, వీలైతే ఒళ్ళు తడిసి ఉన్నప్పుడు చూడాలి. తడిస్తే బొచ్చు ఒంటికి అతుక్కుని అసలు ఎముక, అసలు కండ ఎంతో బయటపడతాయి.

అంకెలు ఎలా చదవాలి

కేటలాగ్‌లో ఆబోతు పక్కన వేసే జన్యు అంకెల్ని అమెరికా, కెనడాల్లో ఈపీడీ అంటారు, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఈబీవీ అంటారు. రెండూ జన్యు విలువని అంచనా వేసేవే. ఈబీవీ ఆ పశువు సొంత జన్యు విలువ. దూడకి చేరేది దాంట్లో సగం. ఈపీడీలో ఆ సగం లెక్క ముందే చేసి ఉంటుంది. అందుకని ఒక దేశపు అంకెని ఇంకో దేశపు అంకెతో నేరుగా పోల్చకూడదు.

ఈపీడీని విడిగా చదివితే ఏమీ అర్థం కాదు. రెండు ఆబోతుల మధ్య తేడాయే దాని అర్థం. ఉదాహరణకి ఒక ఆబోతు పుట్టుక బరువు ఈపీడీ +1 పౌండు, ఇంకోదానిది +5 పౌండ్లు అనుకుందాం. రెంటినీ ఒకే రకం ఆవుల మీద వాడితే రెండోదాని దూడలు సగటున 4 పౌండ్లు ఎక్కువ బరువుతో పుడతాయని ఆశించాలి. ముదురు ఆవులకు ఆ 4 పౌండ్లు లెక్కలోకి రావు. తొలిచూలు పెయ్యలకు అదే దూడ ప్రాణం, ఒక్కోసారి తల్లి ప్రాణం. సులువుగా ఈనడం గురించి చెప్పే వేరే ఈపీడీ కూడా ఉంటుంది. దాంట్లో పుట్టుక బరువు సమాచారం ముందే కలిసి ఉంటుంది కాబట్టి రెంటినీ కలిపి తూచితే ఒకే విషయానికి రెండుసార్లు మార్కులేసినట్టవుతుంది. పెయ్యల మీదకి ఆబోతు కావాలంటే ఈనడం సులువు చెప్పే అంకెనే పట్టుకోవాలి.

అమ్మకపు కేటలాగ్‌లో ఆబోతు పుట్టినప్పటి అసలు బరువు, పాలు మాన్పించినప్పటి బరువు కూడా వేస్తారు. ఆ బరువుల్లో తల్లి వయసు, ఆ ఏటి పచ్చిక, వాతావరణం అన్నీ కలిసి ఉంటాయి. అందుకే పాలు మాన్పించే బరువుని 205 రోజుల వయసుకి, తల్లి వయసుకి సర్దుబాటు చేసి, ఒకే చోట ఒకేలా పెరిగిన దూడలతో మాత్రమే పోల్చి, సగటుని 100గా తీసుకుని నిష్పత్తి ఇస్తారు. నిష్పత్తి 110 అని ఉంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న: ఎన్ని దూడల్లో? నలభై దూడల్లో 110 అంటే అది నిజంగా మిగతావాటిని మించింది. రెండు దూడల్లో 110 అంటే రెండోది 90 అన్నమాట, అంతకుమించి అది ఏమీ చెప్పదు.

పాల ఈపీడీ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అది లీటర్ల లెక్క కాదు. ఈ ఆబోతు కూతుళ్ళు తమ పాలతో దూడకి ఎన్ని పౌండ్ల బరువు అదనంగా చేరుస్తాయో చెప్పే అంకె అది. షార్ట్‌హార్న్ పూర్వం పాలకీ మాంసానికీ రెంటికీ పెంచిన జాతి, పాలు దాని రక్తంలోనే ఉన్నాయి. అందుకే ఈ ఒక్క అంకెలో ఎక్కువంటే మంచి అనుకోకూడదు. పచ్చిక పుష్కలంగా ఉన్నచోట పాలు ఎక్కువున్న ఆవు పెద్ద దూడని ఇస్తుంది. మేత కరువైన చోట అదే ఆవు తన ఒంట్లోదంతా పాలలోకి పంపేసి, చిక్కిపోయి, సమయానికి ఎదకి రాదు. ఆ ఏడు దూడ బాగుంటుంది, మరుసటి ఏడు దూడే ఉండదు.

చిన్న ఆబోతు అంకెలు అంచనాలే. పక్కన నమ్మకం స్థాయి సున్నాకీ ఒకటికీ మధ్య ఇస్తారు. దూడలు లేని కుర్ర ఆబోతుకి అది తక్కువగా ఉండటం సహజం. డీఎన్ఏ పరీక్ష కలిస్తే కొంత పెరుగుతుంది, దూడలు పుట్టి తూకాలు వచ్చేకొద్దీ ఇంకా పెరుగుతుంది. మాంసం నాణ్యతకి సంబంధించి, ఏడాది వయసులో 12, 13 పక్కటెముకల మధ్య అల్ట్రాసౌండ్ తీసి కండ వైశాల్యం, పైకొవ్వు, కండలోపలి కొవ్వు కొలుస్తారు. కండలోపలి కొవ్వు షార్ట్‌హార్న్‌కి పేరు తెచ్చిన గుణం, బాగా వారసత్వంగా దిగేది కూడా. దాన్ని పోగొట్టుకునేలా ఎంచుకోవడం వెర్రితనం.

తల్లిని చూడకుండా కొనొద్దు

అమ్మేవాడి పొలానికి వెళ్ళే అవకాశం ఉంటే ఆబోతు కంటే ముందు దాని తల్లిని చూపించమనాలి. దాని వయసెంత, ఎన్ని ఈతలు ఈనింది, రెండు ఈతల మధ్య ఏడాదికి మించి ఎడం వచ్చిందా? పది పన్నెండేళ్ళ ఆవు ఇంకా ఏటా ఈనుతూ, పొదుగు బిగువుగా, చన్నులు దూడ నోటికి అందేంత చిన్నగా ఉంచుకుందంటే అంతకంటే మంచి నివేదిక ఉండదు. సంతానోత్పత్తికి సంబంధించిన గుణాలు వారసత్వంగా దిగేది తక్కువే, అంకెల్లో పట్టుకోవడం కష్టం. కానీ పాడైన పొదుగు, బుడ్డిలా ఉబ్బిన చన్నులు తరం నుంచి తరానికి దిగుతాయి. ఆబోతుకి పొదుగు ఉండదు కాబట్టి దాని కూతుళ్ళకి ఏ పొదుగు వస్తుందో ఊహించడానికి తల్లీ, అక్కచెల్లెళ్ళూ తప్ప వేరే ఆధారం లేదు.

స్వభావం సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. షార్ట్‌హార్న్‌కి సాధువన్న పేరుంది. ఆ పేరు నిలబడాలంటే పెంపకందారులు ప్రతి తరంలోనూ దాన్ని చూసి ఎంచుకోవాలి. మనిషి దగ్గరికి రాగానే తల పైకెత్తి కంచె వెంట పరిగెత్తే ఆబోతుని ఏ అంకె కోసమూ కొనకూడదు. సాధువైన ఆబోతుకి కూడా వీపు చూపించి నిలబడకూడదన్నది వేరే సంగతి.

కంటికి కనబడని లోపాలు

అమెరికన్ షార్ట్‌హార్న్‌లలో 2000 సంవత్సరం ప్రాంతంలో టిబియల్ హెమిమీలియా అనే జన్యు లోపం బయటపడింది. దీన్ని టీహెచ్ అని పిలుస్తారు. ఇది ఉన్న దూడకి వెనక కాలి పొడుగాటి ఎముక ఏర్పడదు, పొట్ట గోడ మూసుకోదు. అలాంటి దూడ బతకదు. పీహెచ్ఏ అనే ఇంకో లోపంలో ఊపిరితిత్తులు పెరగవు, ఒళ్ళంతా నీరు పట్టి దూడ ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బిన దూడని ఈనలేక తల్లి కూడా ప్రమాదంలో పడుతుంది. రెండూ అణిగి ఉండే జన్యువులే, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు కాపీలూ వస్తేనే జబ్బు బయటపడుతుంది. ఒక కాపీ మోస్తున్న ఆబోతు చూడటానికి ఆరోగ్యంగా ఉంటుంది. చాలాసార్లు ప్రదర్శనలో బహుమతి కూడా గెలుస్తుంది. దట్టమైన బొచ్చు, లావు ఎముక కోసం ప్రదర్శన పశువుల్ని పెంచేవాళ్ళలో కొందరు ఈ రక్తాన్ని తెలిసే వాడారు. పైన చెప్పిన మోజుల్లో నాలుగోది ఇదే, మిగతా మూడింటికంటే బాధాకరమైనది కూడా, ఎందుకంటే దీని ఖరీదు ఈనే ఆవు మోస్తుంది.

లెక్క సులువు. లోపాన్ని మోసే ఆబోతుని శుభ్రమైన ఆవుల మీద వాడితే ఒక్క దూడకీ జబ్బు రాదు, కానీ సగం దూడలు మోసేవి అవుతాయి. అందుకే మొదటి తరంలో ఎవరికీ అనుమానం రాదు. ఆ కూతుళ్ళ మీద మళ్ళీ మోసే ఆబోతుని వాడితే ఎనిమిది దూడల్లో ఒకటి జబ్బుతో పుడుతుంది. దీనికి డీఎన్ఏ పరీక్ష ఉంది. కొన్ని వెంట్రుకలు కుదుళ్ళతో సహా పంపితే చాలు. ఇంత తేలికైన పరీక్ష ఫలితం చూపించలేని అమ్మకందారు దగ్గర, పెయ్యల్ని ఉంచుకునే మంద కోసం ఆబోతు కొనడానికి ఏ సాకూ లేదు.

రంగు, కొమ్ములు

రంగు చివర్లో రావడం ఉద్దేశపూర్వకమే. షార్ట్‌హార్న్ ఎరుపు, తెలుపు, లేదా రెండు వెంట్రుకలూ కలగలిసిన రోన్. ఎరుపుని తెలుపుతో కలిపితే అన్నీ రోన్ దూడలే. రోన్‌ని రోన్‌తో కలిపితే పావు వంతు ఎరుపు, సగం రోన్, పావు వంతు తెలుపు. తెల్ల పెయ్యల్లో కొన్నిటికి గర్భాశయ భాగాలు సరిగా ఏర్పడని లోపం ఈ జాతిలో చాలాకాలంగా తెలిసినదే. కాబట్టి పెయ్యల్ని ఉంచుకునేవాళ్ళు తెల్ల దూడలు పుట్టే కలయికలు తగ్గించుకుంటారు. దీనికి మినహాయింపు ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు ప్రాంతంలో ఉంది. అక్కడ తెల్ల షార్ట్‌హార్న్ ఆబోతుని నల్ల గాలోవే ఆవుల మీద వాడితే బ్లూ గ్రే అనే గట్టి తల్లి ఆవులు వస్తాయి. అక్కడ తెలుపే కావాలి.

కొమ్ములేని గుణం ప్రబలమైనది. రెండు కాపీలూ ఉన్న ఆబోతు దూడలకి అసలు కొమ్ములు రావు, ఒక్క కాపీ ఉన్నదాన్ని కొమ్ముల ఆవుల మీద వాడితే సగానికి వస్తాయి. దీనికీ డీఎన్ఏ పరీక్ష ఉంది. దూడలకు కొమ్ములు కాల్చే నొప్పి తప్పుతుంది కాబట్టి, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు రెండు కాపీలున్నదే మేలు.

ఏ మంద కోసం?

వేలంలో అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన ఆబోతు ఏ మందకైనా మంచిదని అనుకోవడం పెద్ద పొరపాటు. నల్ల ఆంగస్ ఆవుల మంద ఉండి, వాటి పెయ్యల్ని తల్లులుగా ఉంచుకోవాలనుకునేవాడికి మధ్యస్థమైన పరిమాణం, అదుపులో ఉన్న పాలు, మంచి గిట్టలు ఉన్న షార్ట్‌హార్న్ కావాలి. రెండు జాతులు కలవడం వల్ల వచ్చే అదనపు బలం ముఖ్యంగా సంతానోత్పత్తిలో, ఎక్కువ ఏళ్ళు బతికి ఈనడంలో కనబడుతుంది. ఎంపిక ద్వారా చాలా నెమ్మదిగా మాత్రమే మెరుగయ్యే గుణాలు ఇవే. అన్ని దూడల్నీ మాంసానికే అమ్మేవాడికి పాల అంకెతో పనేలేదు. అతను ఎదుగుదల, కండ, కండలోపలి కొవ్వు చూసుకుంటే చాలు. వేడిదేశాల్లో షార్ట్‌హార్న్ ఒంటరిగా ఇబ్బంది పడుతుంది. టెక్సస్‌లో కింగ్ రాంచ్ వాళ్ళు దాన్ని బ్రాహ్మన్ అనే మూపురం ఉన్న పశువుల జాతితో కలిపి సాంటా గెర్ట్రూడిస్ జాతిని తయారుచేసింది అందుకే.

మందలో ఏ లోటుందో ముందు రాసుకుని, దాన్ని తీర్చే ఆబోతుల్లోనే బేరమాడాలి. గిట్టలు బలహీనంగా ఉన్న మందకి ఎదుగుదల అంకె ఎంత గొప్పగా ఉన్నా గిట్టలు బాగాలేని ఆబోతు పనికిరాదు.

మందలోకి వదిలాక

కొన్న ఆబోతుని నేరుగా ఆవుల్లోకి తోలకూడదు. కొన్ని వారాలు విడిగా ఉంచి, బీవీడీ (వైరస్ వల్ల వచ్చే విరేచనాల జబ్బు), జోన్స్ వ్యాధి (పేగులకు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) లాంటివాటికి పరీక్షలు చేయించాలి. ముందే ఆవుల మీద వాడిన ఆబోతయితే ట్రైకోమోనియాసిస్, విబ్రియోసిస్ పరీక్షలు తప్పనిసరి. ఈ రెండూ కలయిక ద్వారా వ్యాపించి, చూడి నిలిచిన ఆవుల్ని కూడా ఖాళీ చేస్తాయి. ఆ కొన్ని వారాల్లోనే దాణా తగ్గించి పచ్చికకి అలవాటు చేయాలి.

కుర్ర ఆబోతుకి ఎన్ని నెలల వయసుంటే సుమారు అన్ని ఆవులు అప్పగించడం పాతకాలపు లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది. 15 నెలలదానికి 15 ఆవులు. ముదిరిన ఆబోతుకి 25 నుంచి 30. మొదటి వారం రోజూ చూడాలి: ఎదలో ఉన్న ఆవుని వెతుక్కుంటూ వెళ్తోందా, ఎక్కాక పని పూర్తి చేస్తోందా, దిగాక కుంటుతోందా. ఆబోతు దాటిన (కలిసిన) ఆవుల నంబర్లు, తేదీలు రాసుకోవాలి. ఆవు 21 రోజులకోసారి ఎదకొస్తుంది కాబట్టి నాలుగో వారంలో ఆ జాబితా పనికొస్తుంది. దాటిన ఆవుల్లో చాలావరకు మళ్ళీ ఎదలో కనబడితే ఆ ఆబోతుని వెంటనే బయటికి తీసి వీర్య పరీక్ష చేయించాలి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా అదే రోజు ఇంకో ఆబోతుని మందలోకి వదలాలి. 63 రోజుల సీజన్‌లో అప్పటికి ఇంకా దాదాపు రెండు ఎదలకు సరిపడా సమయం మిగిలే ఉంటుంది.